తిరువయ్యారు ప్రయాణం: పంచరత్నాల గంట కోసం రెండు రోజులు

ముందు ఒక హెచ్చరిక. రైలు టికెట్ల యాప్‌లో ఊరి పేరు మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టగానే పైన కనిపించిన ఊరిని నొక్కేయకండి. మా ఇంట్లో ఆ ఘనకార్యం చేసింది నేనే. ఆరుగురికి తిరువారూరుకు టికెట్లు తీసి, వారం రోజులు నిశ్చింతగా తిరిగాను. తిరువారూరు వేరు, తిరువయ్యారు వేరు. 1767లో త్యాగరాజు పుట్టింది తిరువారూరులో, అది రైల్వే జంక్షన్. ఆయన జీవితమంతా గడిపి, 1847 జనవరి 6న సిద్ధి పొందింది తిరువయ్యారులో. ఏటా ఆయన సిద్ధి పొందిన తిథికి సంగీతంతో చేసే ఆరాధన జరిగేది ఇక్కడే, దీనికి రైల్వే స్టేషనే లేదు. రెండు ఊళ్లకీ మధ్య దాదాపు డెబ్భై కిలోమీటర్లు. టికెట్లు రద్దు చేసి మళ్లీ తీసేసరికి వెయిటింగ్ లిస్టులో పడ్డాం.

ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లొచ్చాను. మొదటిసారి అన్నీ తప్పులే, నాలుగోసారికి కాస్త తెలివొచ్చింది. చాలామంది ఆరాధన జరిగే పంచమి పొద్దున్న వచ్చి, పంచరత్నాలనే ఐదు కీర్తనలూ విని, మధ్యాహ్నం బండెక్కేస్తారు. నా మాట వింటే ముందురోజు రాత్రికి తంజావూరు చేరుకోండి, పంచమి మర్నాడు కూడా అక్కడే ఉండండి. జనంలో ఉత్సవం చూస్తారు. మర్నాడు, పందిరి విప్పుతుంటే, ఊరు చూస్తారు. త్యాగయ్య మనకు దొరికేది ఎక్కువగా ఆ రెండోరోజే.

తేదీ ముందు చూసుకోండి

ఆరాధన పుష్య బహుళ పంచమి నాడు. మన తెలుగు పంచాంగంలో చూసుకుంటే సరిపోతుంది. ఇంగ్లిషు తేదీ ఏటా మారుతుంది. 2024లో జనవరి 30న వచ్చింది, 2025లో జనవరి 18న. ఉత్సవం మామూలుగా ఐదు రోజులు, పంచమితో ముగుస్తుంది.

తేదీ తెలియగానే చూసుకోవలసింది సంక్రాంతి. పంచమి జనవరి మధ్యలో పడిందంటే అటు పొంగల్‌కి సొంతూళ్లకు వెళ్లేవాళ్లు, ఇటు తిరిగి వచ్చేవాళ్లు, మధ్యలో మనం. రైలు టికెట్లు ఇప్పుడు అరవై రోజుల ముందు నుంచే ఇస్తున్నారు. ఆ అరవయ్యో రోజు పొద్దున ఎనిమిదింటికి ఫోను చేతిలో పెట్టుకుని కూర్చోండి. సంక్రాంతి వారంలో చెన్నై నుంచి తంజావూరు వైపు బెర్తు దొరకడం మాటలు కాదు.

ఇంకో సంగతి కావేరి నీళ్లు. మెట్టూరు డ్యాం గేట్లు జూన్ 12న తెరిచి జనవరి 28న మూయడం అక్కడి ఆనవాయితీ. అందుకే సాధారణంగా జనవరిలో నది నిండుగా కనిపిస్తుంది. వేసవి సెలవులు కదా అని మేలో వెళితే సమాధి మెట్ల ముందు కనిపించేది ఇసుక. ఈ నది అందాన్ని వర్ణిస్తూ త్యాగయ్య అసావేరి రాగంలో ఏకంగా ఒక కీర్తన కట్టాడు, ‘సారి వెడలిన’. ఒకచోట గర్జిస్తూ, ఒకచోట నిండు కరుణతో నడుస్తూ వెళుతోందంటాడు. అది నీళ్లున్నప్పుడు చూడవలసిన నది.

చేరడం: ఐదు వంతెనలు లెక్కపెట్టండి

ఎటునుంచి వచ్చినా ముందు తంజావూరు చేరాలి. తెలుగువాళ్లకు మూడు దారులున్నాయి.

చెన్నై మీదుగా అయితే రాత్రి ఎగ్మూరులో ఎక్కి తెల్లవారేసరికి తంజావూరులో దిగవచ్చు. చిక్కంతా మన రైళ్లలో చాలావరకు సెంట్రల్‌కు రావడం, తంజావూరు బండ్లు ఎగ్మూరు నుంచి బయల్దేరడం. రెండింటికీ మధ్య రెండు మూడు కిలోమీటర్లే, మెట్రో కూడా ఉంది. అయినా మధ్యలో కనీసం మూడు గంటలు పెట్టుకోండి. మన బండి లేటయితే ఆ టెన్షన్ పడలేం.

విశాఖ, విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లకు హౌరా–తిరుచిరాపల్లి ఎక్స్‌ప్రెస్ తిరుచ్చిదాకా నేరుగా తీసుకెళుతుంది. అది రోజూ నడవదు, రోజులు చూసుకోవాలి. హైదరాబాద్ నుంచి విమానంలో అయితే దిగవలసింది తిరుచ్చిలోనే. తిరుచ్చి నుంచి తంజావూరుకు ఇంచుమించు అరవై కిలోమీటర్లు, బస్సులు ఎడతెరిపి లేకుండా ఉంటాయి.

తంజావూరు నుంచి తిరువయ్యారు పదమూడు కిలోమీటర్లు. పాత బస్టాండు నుంచి టౌన్ బస్సులు వెళుతుంటాయి. బోర్డులు తమిళంలో ఉంటాయి కాబట్టి చదివే ప్రయత్నం మానేసి కండక్టర్‌ను “తిరువయ్యారు పోగుమా?” అని అడగండి. ఆటో కన్నా బస్సే మంచిదంటాను. డబ్బు కలిసి రావడం ఒక కారణం. అసలు కారణం కిటికీ.

ఊరి పేరులోనే లెక్క ఉంది. తిరు, ఐ, ఆరు. అంటే పవిత్రమైన ఐదు ఏరులు. ఈ లెక్కలో తమిళ ‘ఐ’ మన ఐదు, తమిళ ‘ఆరు’ మన ఏరు. సంస్కృతంలో పంచనదం అన్నది దీన్నే. తంజావూరు దాటగానే వడవారు, తర్వాత వెణ్ణారు, వెట్టారు, కుడమురుట్టి, చివరికి కావేరి. అన్నీ కావేరి సంతానమే. పిల్లలు వెంట ఉంటే లెక్కపెట్టమనండి, పదమూడు కిలోమీటర్లూ అల్లరి ఉండదు. కొన్ని చోట్ల కాలువలు కూడా తగిలి లెక్క తప్పిస్తాయి, అదో ఆట. దారి పొడవునా వరి చేలు, కొబ్బరి, అరటి. కోనసీమ వాళ్లకు ఇంటికి వచ్చినట్టే ఉంటుంది. కావేరి వంతెన దాటగానే దిగడానికి సిద్ధంగా ఉండండి. “త్యాగరాజర్ సమాధి” అంటే చాలు, చంటిపిల్లాడు కూడా చెయ్యి చూపిస్తాడు.

ఎక్కడ ఉండాలి

తంజావూరులో ఉండండి. తిరువయ్యారు చిన్న ఊరు, ఆరాధన రోజుల్లో ఉన్న కొద్ది గదులూ కచేరీలు చేసేవాళ్లతో, వాళ్ల బంధువులతో నిండిపోతాయి. తంజావూరులో రైల్వే స్టేషన్ దగ్గర అన్ని ధరల్లోనూ లాడ్జీలు ఉన్నాయి. పంచమి రోజు తెల్లవారుజామున గది నుంచి బయటపడాలి కాబట్టి బస్టాండుకు నడిచి వెళ్లే దూరంలో చూసుకోండి.

రెండోసారి వెళ్లినప్పుడు ఒక లాడ్జిలో ముందే డబ్బు కట్టినా, వెళ్లేసరికి గది ఇంకెవరికో ఇచ్చేశారు. ఆ రాత్రి రిసెప్షన్ సోఫాలో కునికాం. అప్పటినుంచి ప్రయాణానికి రెండు రోజుల ముందు ఒకసారి, రైలెక్కాక ఒకసారి ఫోన్ చేసి పేరు చెప్పించుకుంటున్నాను.

వెళ్లేముందు చేయవలసిన హోంవర్క్

ఇది ఎక్కువమంది వదిలేసే అడుగు, నా దృష్టిలో ముఖ్యమైన అడుగు. ఎందుకంటే తిరువయ్యారులో పంచరత్నాలు కచేరీ కాదు, గోష్ఠి. పెద్ద విద్వాంసులు సమాధి ముందు రెండు బారులుగా ఎదురెదురుగా కూర్చుంటారు. వెనక పందిట్లో వందల మంది. పాడటం వచ్చినవాళ్లందరూ పాడవచ్చు. టికెట్టు లేదు, ఆడిషన్ లేదు. చూడ్డానికి వెళ్లినవాడికీ, పాడటానికి వెళ్లినవాడికీ కలిగే అనుభవంలో తేడా పెళ్లికి వెళ్లినవాడికీ పెళ్లివారికీ ఉన్నంత.

వరుస ఇది: నాట రాగంలో ‘జగదానందకారక’, గౌళలో ‘దుడుకుగల’, ఆరభిలో ‘సాధించెనే’, వరాళిలో ‘కనకన రుచిరా’, శ్రీరాగంలో ‘ఎందరో మహానుభావులు’. ఐదూ ఆదితాళమే. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. ప్రతి చరణమూ ముందు స్వరంగా, వెంటనే అదే స్వరం మీద సాహిత్యంగా వస్తుంది. అంచేత స్వరం రాకపోయినా సాహిత్యం దగ్గర అందుకోవచ్చు.

సంగీతం బొత్తిగా రానివాళ్లు ఏం చేయాలి? ఐదూ పాడాలని కూర్చోకండి. ‘సాధించెనే’ ఒక్కటి పట్టుకోండి. అందులో ప్రతి చరణం తర్వాత “సమయానికి తగు మాటలాడెనే” అన్న పాదానికి తిరిగి వస్తారు. ఆ ఒక్క పాదం గొంతులో ఉంటే చాలు, అన్నిసార్లూ గోష్ఠితో గొంతు కలపవచ్చు. తర్వాత ‘ఎందరో మహానుభావులు’ పల్లవి. అది మన ఇళ్లల్లో పాట రానివాళ్లకు కూడా వచ్చినదే.

కొంచెం నేర్చుకున్నవాళ్లు పాఠాంతరం సంగతి గుర్తుంచుకోవాలి. మీ గురువుగారు చెప్పిన సంగతులు, అంటే ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరులు, గోష్ఠిలో పాడేవి అక్కడక్కడ తేడా వస్తాయి. అక్కడ “మా పద్ధతిలో ఇలా కాదు” అనుకుని గొంతు పెంచితే చుట్టుపక్కల పదిమంది తాళం తప్పుతారు. ఆకాశవాణి, దూరదర్శన్ ఏటా దీన్ని ప్రత్యక్ష ప్రసారం చేస్తాయి. పాత ఏళ్ల రికార్డింగులు నెట్‌లో దొరుకుతాయి. వాటితో కలిసి నెల రోజులు పాడుకోండి, వేగం అలవాటవుతుంది. వరాళి గురించి ఒక నమ్మకం ఉంది, గురువు శిష్యుడికి నేరుగా నేర్పితే ఇద్దరి మధ్యా పొరపొచ్చాలు వస్తాయని. అందుకని చాలామంది దాన్ని విని నేర్చుకుంటారు. గోష్ఠిలో నాలుగో కీర్తన దగ్గర చాలా గొంతులు తగ్గుతాయి. నాలాగే వాళ్లూ వినికిడి బాపతే అని అప్పుడు ధైర్యం వస్తుంది.

పంచమి పొద్దున

పంచరత్నాలు మామూలుగా తొమ్మిదింటికి. మొదటిసారి నేను ఎనిమిదిన్నరకు ఊళ్లో దిగి, కాఫీ తాగి, తీరిగ్గా వెళ్లాను. పందిరి లోపల కాలు పెట్టే చోటు లేదు. బయట ఒక లౌడ్‌స్పీకర్ స్తంభానికి ఆనుకుని, ఒక చేత్తో చెప్పులు పట్టుకుని, ఐదు కీర్తనలూ నిలబడి విన్నాను. హైదరాబాద్‌లో రేడియో పెట్టుకున్నా అంతే వినిపించేది.

ఆరున్నరకల్లా పందిట్లో ఉండండి. మంచు పట్టి ఉంటుంది, పల్చటి శాలువా ఒకటి కావాలి. తొమ్మిది దాటాక అదే శాలువా తలమీద గుడ్డ అవుతుంది, ఎండ అంత ఉంటుంది. నేల మీదే కూర్చోవాలి కాబట్టి చిన్న చాప లేదా దుప్పటి తెచ్చుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను పందిరి అంచున, గుంజ దగ్గర కూర్చోబెట్టండి, మధ్యలో ఇరుక్కుంటే లేవడం కుదరదు. చెప్పులు సంచిలో వేసుకోవడమే మేలు. బట్టల గురించి నిబంధన ఏమీ లేదు గానీ గోష్ఠిలో మగవాళ్లు పంచెల్లో, ఆడవాళ్లు చీరల్లో ఎక్కువగా కనిపిస్తారు. మంచినీళ్లు, రెండు అరటిపళ్లు వెంట ఉంచుకోండి. రాత్రే ఫోను చార్జింగు పెట్టుకోండి, కానీ పాడుతున్నంతసేపూ దాన్ని ఎత్తి పట్టుకుని వెనకవాళ్లకు అడ్డం పడకండి.

కూర్చోవడానికి ముందే వీలైతే ఒకటి చూడాలి, ఉంఛవృత్తి ఊరేగింపు. త్యాగయ్య తంబుర పట్టుకుని వీధుల్లో పాడుకుంటూ, పెట్టిన బియ్యంతో సంసారం నడిపినవాడు. రాజుగారి కానుకలు వద్దన్నాడన్న కథ మనందరికీ తెలిసిందే. ఆయన ఇల్లున్న తిరుమంజన వీధి నుంచి సమాధి దాకా పొద్దున్నే భజన పాడుతూ వస్తారు. ఇద్దరు వెళితే ఒకరు చోటు కాపలా, ఒకరు ఊరేగింపు. మేము అలాగే సర్దుకున్నాం.

తొమ్మిదింటికి ముందు నాదస్వరం, ఆ తర్వాత వేణువుల మీద ‘చేతులార’ కీర్తన. అప్పటిదాకా కబుర్లాడుతున్న పందిరి అక్కడ సద్దుమణుగుతుంది. ఇక నాట. పాట సాగుతుంటే లోపల విగ్రహానికి అభిషేకం జరుగుతూ ఉంటుంది. అన్నీ కలిపి ఇంచుమించు గంటో, గంటం పావో.

పోయినసారి నా పక్కన ఒక తమిళ మామీ కూర్చున్నారు. డెబ్భై పైన ఉంటాయి. ఒళ్లో అట్ట ఊడిపోయిన పుస్తకం, తమిళ లిపిలో పంచరత్నాలు. అక్షరాల నెత్తిన చిన్న చిన్న అంకెలు. తమిళంలో క, ఖ, గ, ఘ అన్నింటికీ ఒకటే అక్షరం కదా, అందుకని రెండు వేస్తే ఖ, మూడు వేస్తే గ, నాలుగు వేస్తే ఘ. మన భాషను సరిగ్గా పలకాలని అచ్చులో అంత అవస్థ పడ్డారు. నేను తెలుగని తెలిశాక ఆవిడ పుస్తకం నా వైపు తిప్పి, వేలు పెట్టి అడిగారు.

“దుడుకు అంటే మా తుడుక్కేనా?”

“అదే మామీ. దుడుకు పనులు చేసే నన్ను ఏ దొర కొడుకు కాపాడతాడు అంటున్నాడు.”

“దొర అంటే?”

“రాజు, ప్రభువు.”

“యాభై ఏళ్లుగా పాడుతున్నాను” అని నవ్వి, పెన్సిల్ తీసి పక్కన రాసుకున్నారు. నాట మొదలైంది. ఆవిడ పుస్తకం మూసేశారు. ఐదు కీర్తనల్లోనూ మళ్లీ తెరవలేదు. నేను మాత్రం తెలుగు పుస్తకం ముందు పెట్టుకుని, గౌళ మూడో చరణంలో దారి తప్పాను.

గోష్ఠి అయిపోయాక

పది దాటగానే పందిరి సగం ఖాళీ అవుతుంది. మీరు లేవకండి. తర్వాత రోజంతా కచేరీలు. పక్కపక్కనే రెండు వేదికలు, ఒకదాని మీద పాడుతుంటే రెండోదాని మీద తర్వాతివాళ్లు శ్రుతి చేసుకుంటుంటారు. చాలామందికి దొరికేది ఒకటి రెండు కీర్తనల వ్యవధి. పెద్ద పేరున్నవాళ్లూ అంతే, మొదటిసారి మైకు ముందు కూర్చున్న పదేళ్ల పిల్లా అంతే. అందరూ త్యాగరాజ కీర్తనలే పాడతారు. వరుసగా వింటుంటే ఒకే మనిషి ఎన్ని రాగాల్లో, ఎన్ని మనస్థితుల్లో రాముణ్ని పిలిచాడో తెలుస్తుంది. మధ్యలో నిద్ర వస్తుంది. తప్పులేదు, పందిట్లో చాలామంది కునుకుతారు.

మీ పిల్లల చేత అక్కడ పాడించాలనుకుంటే ఉత్సవం నడిపే శ్రీ త్యాగబ్రహ్మ మహోత్సవ సభకు కొన్ని నెలల ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కడికి వెళ్లి అడిగితే కుదరదు. పక్కవాద్యం వాళ్లను ముందే మాట్లాడుకోండి, వేళ చెప్పిన దానికన్నా ముందుకూ వెనక్కూ జరుగుతుంది, అందుకని మరో ప్రయాణం అదే రోజు పెట్టుకోకండి.

అమెరికాలో ఉండి జనవరిలో రాలేనివాళ్లకు క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి ఈస్టర్ రోజుల్లో జరిగే త్యాగరాజ ఉత్సవం ఉంది. అక్కడా పంచరత్నాలు గోష్ఠిగానే పాడతారు. కావేరి మాత్రం ఉండదు.

మర్నాడు: అసలు చూడవలసినది

మర్నాడు పొద్దున ఏడింటికి మళ్లీ బస్సెక్కండి. పందిరి గుడ్డలు దించుతుంటారు. నిన్న కాలు పెట్టలేని చోట ఇవాళ ఒక కుక్క పడుకుని ఉంటుంది. సమాధి గుడి అసలెంత చిన్నదో అప్పుడు తెలుస్తుంది.

సమాధి ఎందుకుందంటే, త్యాగయ్య చివరి రోజుల్లో సన్న్యాసం తీసుకున్నాడు. సన్న్యాసులను దహనం చేయరు, ఖననం చేసి బృందావనం కడతారు. ఆ బృందావనం తర్వాత పట్టించుకునేవాళ్లు లేక ముళ్లపొదల్లో పడింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యపరంపరల వాళ్లు దాన్ని బాగుచేసి ఆరాధన మొదలుపెట్టారు. కొద్ది ఏళ్లకే వాళ్లలో వాళ్లకు పడక పెద్ద కట్చి, చిన్న కట్చి అని రెండు జట్లయ్యాయి. కట్చి అంటే పార్టీ. ఒకరి ఉత్సవం ముగిసిన రోజు ఇంకొకరిది మొదలయ్యేది. ఎందరో మహానుభావులు, అందరూ రెండు పార్టీలు!

ఇప్పుడున్న గుడి మాత్రం బెంగళూరు నాగరత్నమ్మ కట్టించినది. 1878లో పుట్టిన దేవదాసి, మద్రాసులో పేరు, డబ్బు బాగా సంపాదించిన గాయని. సమాధి దిక్కులేకుండా ఉందని తన గురువు బిడారం కృష్ణప్ప ద్వారా తెలిసి, ఆ స్థలం కొని, 1921లో పునాది వేయించి, సంపాదించిన సొమ్ము, నగలు అన్నీ దీనికే పెట్టింది. ఇంత చేసిన మనిషిని ఆరాధనలో పాడనివ్వలేదు. ఆడవాళ్లు పాడకూడదన్నారు. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. 1927లో గుడి వెనక ఆడవాళ్లతో సొంతంగా ఆరాధన మొదలుపెట్టింది. అది మూడో కట్చి. 1940ల మొదట్లో మూడూ కలిసి ఒకే ఉత్సవం అయింది, అందరూ కలిసి పంచరత్నాలు పాడటం కూడా ఆ తర్వాత స్థిరపడినదే. ఆది నుంచీ ఉన్న సంప్రదాయమని మనం అనుకునే గోష్ఠికి నిండా వందేళ్లు కూడా లేవు.

1952లో పోయిన నాగరత్నమ్మ సమాధి త్యాగయ్య సమాధికి కొద్ది అడుగుల దూరంలోనే ఉంది. నిన్న పందిట్లో వెయ్యి మంది ఉంటే అటు వెళ్లినవాళ్లు పది మంది ఉంటారేమో. మీరు వెళ్లండి. ఒక మూర మల్లెపూలు బయట కొనుక్కుని వెళితే బాగుంటుంది. మా అమ్మ అక్కడ నిలబడి, “ఈవిడ లేకపోతే మనం ఇవాళ ఏ ముళ్లకంప వెతుక్కునేవాళ్లమో” అంది. అంతకన్నా చరిత్ర నాకు తెలీదు.

గుడి లోపల గోడల మీద కీర్తనలు చెక్కి ఉన్నాయి. తొందర లేదు కాబట్టి చదవండి. బయటికొచ్చి మెట్ల మీద కావేరి ముందు ఒక అరగంట కూర్చోండి. త్యాగయ్య పూజించే రాముడి విగ్రహాలను ఆయన అన్నగారు ఈ ఏట్లోనే పారేశాడని కథ. నిజమో కాదో గానీ ఆ కథ మీద పుట్టిన దుఃఖం మన చిన్నప్పటినుంచి వింటున్నదే.

అక్కడినుంచి నడిచి తిరుమంజన వీధికి. త్యాగయ్య ఉన్న పాత ఇల్లు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో కొత్తగా స్మారకం కట్టారు. పెంకుటిల్లు, అరుగు ఊహించుకుని వెళితే నిరాశ పడతారు. నేను పడ్డాను. వీధి మాత్రం చూడదగ్గది. గుడి అభిషేకానికి నీళ్లు తీసుకెళ్లే దారి కాబట్టి ఆ పేరు. ఆయన ఇంటిపేరు కాకర్ల, పూర్వీకులు ప్రకాశం ప్రాంతంలోని కాకర్ల గ్రామం నుంచి వెళ్లారంటారు. ఈ వీధి అరుగుల మీద తెలుగు వినిపించిన రోజులు ఉన్నాయన్నమాట.

తర్వాత ఐయ్యారప్పర్ కోవెల. మనవాళ్లు పంచనదీశ్వరుడు అంటారు, అమ్మవారు ధర్మసంవర్ధని. ఈవిడ మీద కూడా త్యాగయ్య కీర్తనలున్నాయి, రామభక్తుడు కదా అని శివాలయాన్ని దాటేయకండి. ఐదు ప్రాకారాల పెద్ద గుడి, అప్పర్ మొదలైన నాయన్మార్లు, అంటే తమిళ శివభక్త కవులు, పాడిన స్థలం. దక్షిణ ప్రాకారంలో ఒకచోట నిలబడి స్వామిని పిలిస్తే ఏడుసార్లు పలుకుతుందంటారు. నేను మూడు దాకా లెక్కపెట్టగలిగాను, నాలుగోది మా పిల్లవాడు మళ్లీ అరిచినదని తేలింది. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో మూసి నాలుగింటికి తెరుస్తారు, అందుకని పదకొండు లోపలే వెళ్లండి. గుడి నుంచి నది వైపు నడిస్తే పుష్య మండపం రేవు వస్తుంది. స్నానం చేసేవాళ్లు ఇక్కడ చేస్తారు. నీళ్లు జోరుగా ఉన్న ఏడాది మెట్లు దాటి దిగకండి.

ఇంకో రోజు చేతిలో ఉంటే

తంజావూరు పెద్దగుడి మీరు ఎలాగూ చూస్తారు. 1010లో రాజరాజ చోళుడు పూర్తి చేయించినది. సాయంత్రం ఎండ వాలుతున్నప్పుడు వెళ్లండి, పొద్దున రాయి కాలిపోదు గానీ రంగు తేలదు. కోటలో సరస్వతీ మహల్ గ్రంథాలయం ఉంది. నాయక రాజులు తెలుగువాళ్లు, వాళ్ల తర్వాత వచ్చిన మరాఠా రాజులు సైతం తెలుగులో యక్షగానాలు రాశారు. ఆ తాటాకు గ్రంథాలు ఇక్కడే ఉన్నాయి. తమిళదేశం నడిబొడ్డున ఒక మనిషి తెలుగులో ఎందుకు పాడాడు అన్న ప్రశ్నకు సగం జవాబు ఈ గదుల్లో ఉంది. మిగతా సగం మెలట్టూరులో. నాయకుల కాలంలో భూములిచ్చి స్థిరపరచిన తెలుగు కుటుంబాల ఊరది. అక్కడ భాగవత మేళం నాటకాలు ఇప్పటికీ తెలుగులోనే ఆడతారు, కానీ అవి నృసింహ జయంతి రోజుల్లో, అంటే మేలో. జనవరిలో వెళితే ఊరు చూసి రావడమే.

తిరువారూరు కూడా వెళ్లవచ్చు. త్యాగరాజు, ముత్తుస్వామి దీక్షితులు, శ్యామశాస్త్రి ముగ్గురూ పుట్టిన ఊరు. ఈసారి టికెట్టు కావాలనే తీసుకోండి.

బస్సెక్కే ముందు తిరువయ్యారులో ఒక పని మిగిలింది, అశోకా హల్వా. ఈ ఊరి సరుకే అది. ఉడికిన పెసరపప్పును నెయ్యిలో, పంచదారలో గరిట తిరగనంత చిక్కగా దగ్గరికి తీస్తారు, కుంకుమరంగులో జిగేల్‌మంటుంది. దుకాణంలో ఆకు మీద వేడివేడిగా పెట్టిస్తారు, పక్కన కొంచెం కారం మిక్చరు. అక్కడే తినండి, ఇంటికి అరకిలో కట్టించుకోండి. రెండు మూడు రోజుల్లో అయిపోవాలి. ఒక్కటే జాగ్రత్త, ఆ పొట్లాన్ని పుస్తకాల సంచిలో పెట్టకండి. నా పంచరత్నాల పుస్తకంలో వరాళి పేజీలు రెండూ అంటుకుపోయాయి, ఇప్పటికీ నెయ్యి వాసన.